తొంబది ఎనిమిది ఆటల వీరుడు

మెల్‌బోర్న్ నగరమున పుట్టిన ఆస్ట్రేలియా ఫుట్‌బాలు మన మెరిగిన ఫుట్‌బాలు కాదు. జట్టునకు 18 మంది, మైదానము అండాకారము, గోలుకు వల యుండదు. దూరమునుండి తన్నిన బంతిని నేల తాకకమునుపే చేతులతో పట్టినవాడు నిరాటంకముగ గోలుకు తన్నవచ్చును. గోలునకు 6 పాయింట్లు.

ఈ ఆటలో సాటిలేని ఫార్వర్డు జాన్ కోల్‌మన్. 1928లో విక్టోరియా రాష్ట్రమందలి పోర్ట్ ఫెయిరీలో జన్మించెను. 1949లో ఎసెండన్ జట్టున చేరి, తొలి ఆటలోనే హాథార్న్‌పై 12 గోలులు వేసెను. అతని ప్రతిభ యంతయు ఎగురుటలో నుండెను. తనను కాచు ఆటగాండ్ర భుజములకు పైగా లేచి బంతి నందుకొనెడివాడు. ఆ యేటి అంతిమ పోటీలో అతని గోలులు నూరు నిండినవి. ఎసెండన్ విజేత అయ్యెను. మరుసటి యేడు 120 వేసెను.

అట్టివానిని ఆపుటకు ప్రత్యర్థులు న్యాయాన్యాయములు చూడలేదు. 1951లో ఫైనల్సుకు ముందటి ఆటలో కార్ల్‌టన్ ఆటగాడొకడు కొట్టగా కోల్‌మన్ తిరిగి కొట్టెను. విచారణ సంఘము ఇరువురకును నాలుగేసి ఆటల నిషేధము విధించెను. తొలి దెబ్బను, మారు దెబ్బను ఒకే త్రాసున తూచుట చట్టమునకు సరిపడవచ్చును, మనస్సునకు సరిపడదు. కోల్‌మన్ కన్నీటితో వెలుపలికి వచ్చెను. అతడు లేని ఎసెండన్ అంతిమ పోటీలో జీలాంగ్ చేత 11 పాయింట్ల తేడాతో ఓడెను. అనగా రెండు గోలులంతయు లేదు!

1954లో ఫిట్జ్‌రాయ్‌పై 14 గోలులు వేసిన మరుసటి ఆటలోనే నార్త్ మెల్‌బోర్న్‌తో ఆడుచు పడెను, మోకాలు తొలగెను. వయస్సు 25. ఎన్ని చికిత్సలైనను మరల ఆడలేకపోయెను. మొత్తము 98 ఆటలు, 537 గోలులు. ఏటేట అధికముగ గోలులు వేసినవాని కొసగు పతకము నేడు అతని పేరిటనే యున్నది.

తాను ఆడలేకున్నను ఆడించుట నేర్చెను. శిక్షకుడై 1962, 1965లలో ఎసెండన్‌ను గెలిపించెను. 1973 ఏప్రిల్ 5న, 44వ యేట, హృద్రోగముతో కన్నుమూసెను.