చూడటం నేర్పిన గురువు: కొరీటా కెంట్



పాలడబ్బా మీద అంటించిన కాగితాన్ని, రొట్టె పొట్లాన్ని, అంగడి ముందరి ప్రకటన పలకను మీరు ప్రతిదినమూ చూస్తూనే ఉంటారు. వాటిలో చిత్రకళ దాగి ఉన్నదని ఎవరైనా చెబితే మీకు నవ్వు రావచ్చు. ఆ మాటను నమ్మి, తన శిష్యులకు నేర్పి, అందుకోసం ఎన్నో కష్టాలను ఓర్చుకున్న ఒక ఉపాధ్యాయిని జీవితాన్ని ఈ సంచికలో మీకు తెలియజేస్తున్నాను.

ఆమె 1918వ సంవత్సరం నవంబరు 20వ తేదీన అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, ఫోర్ట్ డాడ్జ్ అనే ఊరిలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రాన్సిస్ ఎలిజబెత్ కెంట్. ఆమె చిన్నతనంలోనే ఆ కుటుంబం లాస్ ఏంజెలిస్ నగరంలో స్థిరపడింది. 1936లో ఆమె ఇమ్మాక్యులేట్ హార్ట్ అనే క్రైస్తవ సన్యాసినుల సంఘంలో చేరి, సిస్టర్ మేరీ కొరీటా అయ్యారు. ఆ సంఘంలోని సన్యాసినులకు బడులలో చదువు చెప్పడం ముఖ్యమైన సేవ. కొరీటా కూడా మొదట కెనడాలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి, తరువాత లాస్ ఏంజెలిస్‌కు తిరిగివచ్చి, తమ సంఘపు కళాశాలలో చిత్రకళను బోధించసాగారు.

1951 ప్రాంతంలో ఆమె సిల్క్‌స్క్రీన్ ముద్రణ నేర్చుకున్నారు. ఒక చట్రానికి పలుచని పట్టుబట్టను బిగించి, రంగు పడకూడని చోట్లను మూసి, మిగిలిన చోట్ల నుండి రంగును కిందనున్న కాగితం మీదకు నెట్టడమే ఆ పద్ధతి. ఒకే బొమ్మను ఎన్నో ప్రతులుగా తీయవచ్చు. సామాన్యులు కూడా కొనుక్కోగలగాలని ఆమె తన చిత్రాలను తక్కువ ధరకే అమ్మేవారు.

1962లో ఆండీ వార్హోల్ అనే చిత్రకారుడు లాస్ ఏంజెలిస్‌లోని ఫెరస్ గ్యాలరీలో 32 చిత్రాలను ప్రదర్శించారు. అన్నీ సూపు డబ్బాల బొమ్మలే! అంగడి సరుకులను, ప్రకటనలను, బొమ్మల కథలను కళలోకి తెచ్చే ఇటువంటి పద్ధతికే పాప్ ఆర్ట్ అని పేరు. ఆ ప్రదర్శన కొరీటాకు కొత్త దారి చూపింది. అమెరికాలో అందరూ కొనే ఒక రొట్టె పొట్లం మీద ఎరుపు, పసుపు, నీలం రంగుల గుండ్రని చుక్కలు ఉండేవి. ఆ చుక్కలతోనే ఆమె ఒక చిత్రం చేశారు. క్రైస్తవ ఆరాధనలో రొట్టె పవిత్రమైనది. దుకాణంలోని రొట్టెలోనూ ఆ పవిత్రతను ఆమె చూడగలిగారు.

ఇక ఆమె బోధన ఎలా ఉండేదో వినండి. ఒక అట్టముక్క నడుమ చిన్న చతురస్రాకారపు రంధ్రం కోసి, దానిలోనుండి లోకాన్ని చూడమనేవారు. శిష్యులను వెంటబెట్టుకొని సరుకుల దుకాణానికి, మోటారు టైర్ల అంగడికి వెళ్ళేవారు. టైరును మొత్తంగా చూస్తే అది ఒట్టి టైరే. ఆ చిన్న కిటికీలోనుండి దాని అంచును మాత్రమే చూస్తే నల్లని గీతలతో అల్లిన చిత్రం కనబడుతుంది. ఒక్క బొమ్మ వేసి చేతులు దులుపుకుంటే ఆమె ఒప్పుకునేవారు కారు. ఒకే పనిని పదులసార్లు, వందలసార్లు చేయించేవారు. మొదటి నాలుగైదు బొమ్మలు మనకు ముందే తెలిసినవాటినుండి వస్తాయి. అవి అయిపోయిన తరువాతనే కన్ను నిజంగా పనిచేయడం మొదలుపెడుతుంది.

శిల్పం చేయడానికి వారికి రాయి గానీ కంచు గానీ అవసరం కాలేదు. ఖాళీ అట్టపెట్టెలకు అన్ని వైపులా బొమ్మలు, అక్షరాలు అంటించి, ఒకదానిపై ఒకటి పేర్చి గోడలుగా నిలబెట్టేవారు. 1965లో క్రిస్మస్ పండుగకు ఐబీఎం సంస్థ న్యూయార్క్‌లోని తన ప్రదర్శనశాలలో అటువంటి అమరికకు చోటిచ్చింది. కొరీటా, ఆమె శిష్యులు కలిసి శాంతి అనే విషయంపై దానిని నిర్మించారు. అది వియత్నాం యుద్ధాన్ని విమర్శిస్తున్నదని కొందరు ఆక్షేపించారు.

అంతకుముందే, 1964లో, ఆమె మేరీమాతను బాగా పండిన టమాటాతో పోలుస్తూ ఒక చిత్రం చేశారు. ఆమెకు అది భక్తి. చర్చి పెద్దలకు అది అపచారం. ఆనాటి లాస్ ఏంజెలిస్ కార్డినల్‌కు ఆమె పనీ, ఆమె సంఘం కోరుతున్న మార్పులూ నచ్చలేదు. ఒకవైపు తాను ముప్పై ఏళ్ళకు పైగా పాటించిన వ్రతం, మరొకవైపు తన కన్ను చూసిన సత్యం. 1968లో ఆమె సంఘాన్ని విడిచి, కళాశాలనూ శిష్యులనూ విడిచి, బోస్టన్ నగరానికి వెళ్ళిపోయారు. అప్పటికి ఆమె వయసు యాభైకి చేరువలో ఉన్నది. ఆ వయసులో జీవితాన్ని మళ్ళీ మొదలుపెట్టడం ఎంత కష్టమో మీ తాతయ్యను, అమ్మమ్మను అడిగి తెలుసుకోండి.

అయినా ఆమె పని ఆగలేదు. 1971లో బోస్టన్‌లోని ఒక పెద్ద గ్యాస్ ట్యాంకు మీద వేయడానికి ఇంద్రధనుస్సు రంగుల చారలను రూపొందించారు. ఒక చిన్న నమూనా మీద ఆమె గీసినదానిని పనివారు సుమారు 140 అడుగుల ఎత్తున పెద్దదిగా చిత్రించారు. 1985లో ప్రేమ అనే మాటతో ఆమె రూపొందించిన తపాలాబిళ్ళను అమెరికా తపాలాశాఖ విడుదల చేసింది. 1986 సెప్టెంబరు 18న, క్యాన్సర్ వ్యాధితో ఆమె కన్నుమూశారు.

విద్యార్థులారా! తోటలలో పనిచేసిన మన అవ్వలు తెల్లవారకముందే లైను ఇళ్ళ ముందు ముగ్గులు వేసేవారు. వారిని కళాకారులని ఎవరూ పిలవలేదు. కొరీటా జీవితం చదివిన తరువాత మీరు పిలవండి. మీకొక పని కూడా ఇస్తున్నాను. ఒక అట్టముక్కకు కిటికీ కోసి, ఇంట్లోని బియ్యపు సంచి మీదా, మీ తెలుగు వాచకం మీదా పెట్టి చూడండి. తలకట్టు, కొమ్ము, సున్న ఒక్కొక్కటీ ఎంత చక్కని ఆకారమో గమనించండి. వాటిలో ఒకదానిని ఇరవైసార్లు, ప్రతిసారీ వేరే రంగులతో గీసి వచ్చే తరగతికి తీసుకురండి. అన్నింటినీ ఖాళీ పెట్టెలకు అంటించి, మన తరగతి గదిలో అక్షరాల గోపురం కడదాం.