వరాహమిహిరుడు

వరాహమిహిరుడు 6వ శతాబ్దమున అవంతీదేశమున వెలసిన జ్యోతిశ్శాస్త్రవేత్త. తండ్రియైన ఆదిత్యదాసునియొద్ద విద్య నేర్చి, 505వ సంవత్సరమును గణితమునకు ఆరంభముగా గొని పంచసిద్ధాంతికను రచించెను.

సూర్యుడు ధనిష్ఠానక్షత్రమున ప్రవేశించినపుడు ఉత్తరాయణము కలుగునని పూర్వగ్రంథములు చెప్పుచుండెను. తన కాలమున అది మకరరాశి మొదటనే కలుగుచున్నదని ఆయన బృహత్సంహితలో తెలిపెను. సందేహము కలిగినచో శంకువు నీడను పరీక్షింపవలెనని బోధించెను.

భూమి అక్షము మెల్లగా దిశ మార్చుకొనుటచే అయనము సుమారు 72 సంవత్సరములకొక డిగ్రీ చొప్పున రాశులలో వెనుకకు జరుగును. కావుననే మనము మకరసంక్రాంతిని జనవరి 14, 15 తేదీలలో జరుపుకొనుచుండగా, ఉత్తరాయణము డిసెంబరు 21, 22 తేదీలలోనే ఆరంభమగుచున్నది.

బాలబాలికలారా! పాఠశాల ఆవరణమున ఒక కర్ర నాటి, మధ్యాహ్నపు నీడను దినదినము కొలువుడు. అది మిక్కిలి పొడవై, పిమ్మట తగ్గ నారంభించునదే ఉత్తరాయణము. పెద్దల మాటను గౌరవించుచునే కన్నులారా చూచి తెలిసికొనుట ఆయన మనకు చూపిన మార్గము.