పిట్ట కాలికి రింగు తొడిగిన సలీం అలీ

సలీం అలీ 1896లో ముంబయిలో పుట్టారు. పసితనంలోనే అమ్మానాన్నలు పోతే మేనమామ పెంచారు. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఓ పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మెట్లెక్కారు. ఇక జీవితమంతా పక్షులతోనే.

డిగ్రీ లేదని సర్కారు కొలువు దక్కలేదు. జర్మనీ వెళ్లి పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. హెలిగోలాండ్ దీవిలో పక్షులకు రింగులు వేసే పని కూడా అక్కడే పట్టుబడింది. తిరిగొచ్చాక, క్యాంపు ఖర్చులిస్తే చాలంటూ 1931లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు.

1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చచ్చిపడ్డాయి. జ్వరంతో మనుషులూ పోయారు. ఆ వైరస్ రష్యాలోని ఓ జబ్బుకు దగ్గరిది. దాంతో వలస పక్షులే మోసుకొచ్చాయేమోనన్న అనుమానం పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో సలీం అలీ రంగంలోకి దిగారు. సన్నటి వలల్లో పక్షులను పట్టడం, నంబరు, సొసైటీ పేరు చెక్కిన అల్యూమినియం రింగు కాలికి తొడగడం, వివరాలు రాసుకుని వదిలేయడం... ఇదీ పని. పిట్టలు పట్టడంలో ఆరితేరిన బీహారు మీర్‌షికార్లు చేయందించారు.

భరత్‌పూర్‌లో రింగు వేసిన బాతులు సోవియట్ దేశంలో దొరికాయి. వలస దారులు తెలిశాయి. పక్షులపై పడ్డ నింద మాత్రం రుజువు కాలేదు. జబ్బు అంటించేవి అడవిలోని పిడుదులు.

చలికాలపు పక్షులు దిగే తమిళనాడులోని కోడికరై 1967లో అభయారణ్యమైందంటే ఆయన పట్టుదలే కారణం. 1987లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

చెరువు గట్టున రింగున్న పిట్ట దొరికితే పారేయకండి. ఆ నంబరు, ఊరు, తేదీ ముంబయి సొసైటీకి తెలిపితే ఆయన మొదలెట్టిన లెక్కలో అదీ చేరుతుంది.