గాయమే గురువైన వేళ

కోరుకున్నది చేజారినప్పుడు, అనుకోని ఆపద మీద పడినప్పుడు మీ మనసు ముందుగా ఏమని అడుగుతుంది? భగవంతుడు నన్నెందుకు శిక్షిస్తున్నాడనే కదా! ఆయన నాకేమి నేర్పదలచాడని అడగడం తెలిస్తే శిక్ష శిక్షణగా మారుతుంది. అలా మార్చుకున్న క్రైస్తవ పునీతుడు ఇగ్నేషియస్ లయోలా. విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాల పేరుగా మీకు పరిచితమైనది ఆయన నామమే.

స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో, లయోలా కోటలో 1491లో ఆయన జన్మించారు. యౌవనంలో ఖడ్గం, కీర్తి తప్ప మరో ధ్యాస లేదు. 1521 మే 20న పాంప్లోనా కోట పోరులో ఫిరంగి గుండు తగిలి కుడికాలు విరిగింది. ఎముక సరిగా అతకలేదని వైద్యులు మళ్లీ విరిచి కట్టారు. మోకాలి కింద పొడుచుకు వచ్చిన ఎముక వల్ల అందం చెడుతుందని ఆయనే పట్టుబట్టి దాన్ని కోయించుకున్నారు. మత్తుమందు లేని కాలమది! అయితే ఆ ఘోరబాధ భరించింది దైవం కోసం కాదు, అహంకారం కోసం. బాధ దానంతటదే మనిషిని మార్చదని ఇక్కడ మీరు గ్రహించాలి.

మంచం మీద కాలక్షేపానికి వీరగాథలు అడిగితే, ఇంట్లో లభించినవి క్రీస్తు చరిత్ర, పునీతుల జీవితాలు. లోకవైభవాన్ని ఊహించుకున్న ప్రతిసారీ చివరకు వెలితి మిగిలింది. పునీతుల బాటను తలచుకున్నప్పుడు శాంతి నిలిచింది. ఆ తేడాను గుర్తించడమే ఆయన సాధనకు తొలి మెట్టు.

1522లో మోన్సెరాట్ ఆలయంలో మరియమాత సన్నిధిన ఖడ్గాన్ని విడిచి, మాన్రేసాలో తపోజీవనం ఆరంభించారు. గతపాపాల చింత వేధించగా వారం రోజులు అన్నపానీయాలు మానేశారు. ఉపవాసం విరమించమని గురువు ఆజ్ఞాపిస్తే తలవంచారు. దైవం పెట్టే పరీక్ష వేరు, మనల్ని మనమే హింసించుకోవడం వేరు అని అనుభవంతో తెలుసుకున్నారు.

అసలు పరీక్ష 1523లో ఎదురైంది. జెరూసలేములోనే జీవితం గడపాలన్నది ఆయన కోరిక. అక్కడి ఫ్రాన్సిస్కన్ మఠాధిపతి అందుకు సమ్మతించలేదు. పవిత్రమైన కోరికే కాదంటే ఎంత కష్టం! అయినా అది దైవసంకల్పమని స్వీకరించి వెనుదిరిగారు. ముప్పై మూడేళ్ల వయసులో బార్సిలోనాలో చిన్నపిల్లల సరసన కూర్చుని లాటిన్ వ్యాకరణం నేర్చుకున్నారు. బోధనలపై అనుమానంతో అధికారులు ఆల్కలాలో 42 రోజులు, సలమాంకాలో 22 రోజులు చెరలో ఉంచారు. ఆయన ఎవరినీ ద్వేషించలేదు.

చదువు కోసం చేరిన పారిస్‌లోనే ఆయనకు సహచరులు లభించారు. వారితో ఏర్పడిన యేసుసభను 1540లో మూడవ పౌలు పోపు ఆమోదించారు. వారిలో ఒకరైన ఫ్రాన్సిస్ జేవియర్ 1542లో గోవా చేరారు. జెరూసలేములో ఉండిపోయి ఉంటే ఈ కార్యమేదీ జరిగేది కాదేమో!

1556 జూలై 31న రోములో ఆయన పరమపదించారు. 1622లో పునీతునిగా ప్రకటించారు. గాయపడిన కాలు చివరిదాకా కుంటుతూనే ఉంది, యాత్ర మాత్రం ఆగలేదు.

మీ జీవితంలోనూ ఒక తలుపు మూసుకుపోయి ఉండవచ్చు. దాని ముందు నిలబడి నిందించకండి. మూసిన చేయి ఎవరిదో తలచుకుని, ఆ చేయి చూపే దిక్కుకు ఒక్క అడుగు వేయండి.