సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు

పాలమూరు సీమ వారికి శ్రీశైలము పరాయి క్షేత్రము కాదు. పశ్చిమ ద్వారమగు అలంపురము గద్వాల సీమలోనిది, ఉత్తర ద్వారమగు ఉమామహేశ్వరము నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. వనపర్తి భక్తులును కృష్ణ దాటి మల్లన్నను సేవించువారే. 12వ శతాబ్దమున ఆ మల్లన్ననే వెదకికొనుచు ఒక పసులకాపరి బాలుడు ఏడ్చుచు కొండకు వచ్చెను. అతడే సిద్ధరాముడు.

నేటి షోలాపురమే ఆనాటి సొన్నలిగె. అచ్చట ముద్దుగౌడ, సుగ్గవ్వ దంపతులకు ఆయన జన్మించెను. చేనిలోనున్న బాలుని యొద్దకు మల్లయ్య యను జంగముడు వచ్చి పెరుగన్నము అడిగెనట. బాలుడు తెచ్చుసరికి ఆయన లేడు. యాత్రికుల వెంటబడి బాలుడు శ్రీశైలము చేరగా అందరును లింగమును చూపిరి. తాను చూచిన మల్లయ్య ఈ రాయి కాదని బాలుడు ఒప్పుకొనలేదు. నిరాశతో లోయలో దూకబోగా మల్లికార్జునుడే పట్టి నిలిపి, సొన్నలిగెను మరియొక శ్రీశైలముగా చేయుమని ఆనతిచ్చెనని కథ. రాఘవాంక కవి సిద్ధరామ చరిత్రమున దీనిని విస్తరించి చెప్పెను.

సిద్ధరాముడు ఆ ఆనతిని తు.చ. తప్పక నెరవేర్చెను. 68 లింగములను నిలిపెను, పెద్ద చెరువు త్రవ్వించెను.

అల్లమప్రభువు వచ్చినది ఆ పని నడుమనే. ఒడ్డరాముడు ఎచ్చటనని ఆయన అడిగెననియు, శిష్యులు కోపించి రాళ్ళు రువ్విరనియు, సిద్ధరాముడు తానే ఉగ్రుడై వచ్చెననియు శూన్యసంపాదన చెప్పుచున్నది. (ఎత్తిపొడుపుగా వచ్చిన పేరు, కర్ణాటకమున భోవి వారు నేటికిని ఆయననే కులగురువుగా కొలుచుచున్నారు.) గుడులు, చెరువులు పుణ్యము నిచ్చును గాని, తన్ను తానెరుగని వానికి లింగము దొరకదని ప్రభువు బోధ.

ఈ ఘట్టమును మనము తేలికగా దాటిపోవుచుందుము. సిద్ధరామునిది ఎవరో చెప్పగా విన్న భక్తి కాదు, మల్లన్న చేయి పట్టి అప్పగించిన పని. దానికి ఎదురు పలుకు మాటయు శివుని మాటయేనని ఎట్లు నమ్ముట? నేడు మల్లన్నయే మన గడపలో నిలిచి తాతలనాటి ఆచారమును విడువుమనినచో, వచ్చినవాడు మల్లన్న కాదని తలుపు వేయువారమే ఎక్కువయని నా తలంపు. సిద్ధరాముడును మొదట అట్లే కోపగించెను గదా! ఆయనను మెత్తబరచినది తన బాల్యమే కావచ్చును. రాతిలో మల్లయ్య లేడని ఏడ్చిన బాలుడే పెరిగి రాళ్ళను నిలుపుచుండెను. ప్రభువు గుర్తు చేసినది ఆ బాలుని మాటయే.

అంతట ఆయన ప్రభువు వెంట కళ్యాణమునకు వెళ్ళెను. అంతవరకు ఆయన ఇష్టలింగధారి కాడు. లోపల లింగమున్న యోగికి వెలుపలి లింగమేలయని వాదించి, సమాధానపడిన పిమ్మటనే, వయస్సున చిన్నవాడగు చెన్నబసవన్న వలన దీక్ష పొందెను.

అయినను బాల్యమున తన్ను పట్టి నిలిపిన దేవుని ఆయన విడువలేదు. ఆయన వచనముల అంకితము కపిలసిద్ధ మల్లికార్జునుడు. షోలాపురమున చెరువు నడుమ సిద్ధేశ్వరాలయమున ఆయన సమాధి యున్నది. మకర సంక్రాంతి జాతరలో నందిధ్వజములు నేటికిని ఆ 68 లింగములను దర్శించుచు ఊరంతయు తిరుగుచున్నవి.