బిడ్డను అప్పగించే గడప



కూచిపూడి అనగానే అందరికీ నాట్యం గుర్తుకొస్తుంది. అయితే పామర్రు నుంచి చల్లపల్లి పోయే ఆ దారిలో పొద్దున్నే పనికి బయలుదేరిన తల్లి చెవిలో మోగేది మువ్వల సవ్వడి కాదు, అప్పుడే వదిలివచ్చిన బిడ్డ ఏడుపు. నాట్లకు పోయే తల్లికైనా, బస్సెక్కి విజయవాడలో ఉద్యోగానికి పోయే తల్లికైనా ఆ ఏడుపు ఒకటే. మీ ఇంట్లో ఈ ఏడు ఆ ఘట్టం ఉన్నట్లయితే, ఈ వారం చెప్పబోయే తల్లి కథ మీకోసమే. ఆమె పేరు మనకు కొత్త కాదు. విజయవాడలో 1955లో వి. కోటేశ్వరమ్మ గారు ప్రారంభించిన పిల్లల బడికి పెట్టుకున్నది ఆమె పేరే, మాంటిసోరి.

మరియ మాంటిసోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లెలో కతోలిక కుటుంబంలో జన్మించారు. 1896లో రోములో వైద్యపట్టా పొందారు. ఆ దేశంలో డాక్టర్లయిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. తోటి వైద్యుడొకరిని ప్రేమించారు, పెళ్ళి మాత్రం కాలేదు. 1898లో కొడుకు పుట్టాడు. మారియో అని పేరు పెట్టారు. పెళ్ళికాని తల్లికి ఆ రోజుల్లో ఉద్యోగమూ దక్కదు, మర్యాదా దక్కదు. బిడ్డను రోముకు దూరంగా ఒక పల్లె కుటుంబంలో పెంపకానికి ఉంచారు. ఆమె అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేవారు, తానెవరో చెప్పకుండానే. ఈ సంగతి దాటవేసి ఆమె చరిత్ర రాసేవారున్నారు. నాకది సబబుగా తోచదు. ఇది తెలియనిదే ఆమె తర్వాత చేసిన పని పూర్తిగా అర్థం కాదు.

1907 జనవరి 6, ముగ్గురు రాజుల పండుగ. రోములో సాన్ లొరెంజో అనే పేదల పేట. ఒక గృహనిర్మాణ సంస్థ అక్కడి పాత భవనాలు బాగుచేయించి కూలినాలి కుటుంబాలకు అద్దెకిచ్చింది. పెద్దలు పనికి పోతే పిల్లలు మెట్లమీద తిరుగుతూ కొత్త గోడలు పాడుచేసేవారు. వాళ్ళనొకచోట ఉంచి చూసుకునే ఏర్పాటు చేయమని ఆ సంస్థవారు మాంటిసోరి గారిని కోరారు. గోడలు కాపాడుకోవడానికి మొదలైన పని అది! తొలిరోజు వచ్చిన పిల్లలు సుమారు యాభై మంది, బెదురు చూపులతో, కళ్ళనిండా నీళ్ళతో వచ్చారు. 

ఆ బడి నిబంధనలు నేటికీ గమనించదగినవి. బడి ఉన్నది పిల్లలు కాపురముండే భవనంలోనే. చూసుకునే ఆమె నివాసమూ అక్కడే. తల్లి ఏ వేళనైనా లోపలికి వచ్చి చూడవచ్చు. బిడ్డను శుభ్రంగా పంపాలి, వారానికొకసారైనా వచ్చి ఆమెతో బిడ్డ సంగతులు మాట్లాడాలి.

అంగన్‌వాడీ కానివ్వండి, సిస్టర్ల బడి కానివ్వండి, ఊళ్ళో ఎవరో ఇంట్లో నడిపే క్రెష్ కానివ్వండి, మీరు ముందు అడగవలసింది ఇదే: చెప్పకుండా వచ్చి చూడవచ్చా? వద్దంటే వెనక్కు తిరగండి. రానిస్తే ఒక గంట ఓ మూల కూర్చోండి. బిడ్డ గుడ్డలు తడిపితే ఆయా ముఖం ఎలా పెడుతున్నదో చూడండి. గోడమీది బొమ్మలకంటే అది ముఖ్యం. తాగే నీళ్ళు, మరుగుదొడ్డి చూడండి. మనది కాలవల సీమ. గేటుకు గడియ ఉందా, పక్కన కాలవో, మురుగు కోడో, చెరువో ఉందా అని తప్పక చూడండి.

ఇక అలవాటు చేయడం. మొదటి రోజు గంటసేపు మీరూ కూర్చోండి. మర్నాడు కాసేపు బయటికి వెళ్ళి రండి. అలా రోజురోజుకూ పెంచండి. పనికి చేరే ముందు ఒకటి రెండు వారాలు దీనికి కేటాయించుకుంటే మంచిది. వాడు ఆటలో ఉన్నప్పుడు దొంగచాటుగా జారుకోకండి. మన అమ్మమ్మలు చెప్పే ఉపాయమే అయినా అది మంచిది కాదు. అమ్మ మాయమైపోతుందని ఒకసారి తెలిసిన బిడ్డ ఇంట్లో కూడా కొంగు వదలడు. వెళ్తున్నానని చెప్పండి, అన్నం తిన్నాక వస్తానని చెప్పండి, ఆ వేళకు రండి. మీ పాత చీర ముక్క వాడి సంచిలో పెట్టండి. కొన్నాళ్ళు రాత్రుళ్ళు పక్క తడపవచ్చు, కొట్టకండి. వారాలు గడిచినా తిండి మాని దిగాలుగా ఉంటే, తప్పు బిడ్డదని అనుకోక బడిని మరోసారి చూడండి.

సాన్ లొరెంజోలో ఏడుస్తూ వచ్చిన ఆ పిల్లలు ఏమయ్యారంటారా? వాళ్ళ ఎత్తుకు తగిన కుర్చీలు, చేతులకు తగిన పనులు చూసి నెమ్మదిగా కుదురుకున్నారు. మూడేళ్ళ పిల్ల ఒకతె చెక్క దిమ్మలను గుంటల్లో అమర్చుతూ, తీస్తూ నలభైసార్లకు పైగా అదే పని చేసింది. కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టినా తలెత్తలేదు. మాంటిసోరి గారు పక్కనే నిలబడి లెక్కపెట్టారు. ఆ సమయంలో ఆమె సొంత బిడ్డకు ఎనిమిదేళ్ళు దాటాయి, ఇంకా పరాయి ఇంట్లోనే ఉన్నాడు.

పదిహేనో ఏట మారియో తల్లి దగ్గరకు చేరాడు. లోకానికి మాత్రం చాలాకాలం మేనల్లుడనీ, పెంపుడు కొడుకనీ చెప్పుకున్నారు. 1939లో ఇద్దరూ మద్రాసు అడయారుకు వచ్చారు. అప్పుడు మన కృష్ణా జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలో దిగగానే ప్రభుత్వం మారియోను నిర్బంధించింది. ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజుకు విడిచిపెట్టింది. 1949లో సెలవు తీసుకునేలోగా తల్లీకొడుకులు ఈ దేశంలో వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

1952 మే 6న హాలెండులోని నోర్డ్‌వైక్‌లో ఆమె కన్నుమూశారు. ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో ఆ రోజు కూడా ఆఫ్రికా ప్రయాణం గురించి కొడుకుతో మాట్లాడుతున్నారు. అక్కడి కతోలిక సమాధుల తోటలోనే ఆమెను ఉంచారు.