పాలసీదారుల సొమ్ముతో పత్రికాధిపతి సట్టా
రాజస్థాన్‌లోని చిరావాలో 1893లో జన్మించిన రామకృష్ణ దాల్మియా సట్టా వ్యాపారంలో ధనం గడించి, సిమెంటు, చక్కెర మిల్లులు స్థాపించి, 1946లో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థను ఆంగ్లేయుల నుండి కొనుగోలు చేశారు. ఊరూరి వ్యాపార వార్తలు ప్రచురించే సంస్థ అధిపతి సొంత లెక్కలే బూటకమని 1955లో ప్రభుత్వ విచారణలో తేలింది. షేర్ల సట్టాలో వచ్చిన నష్టాలను పూడ్చుకునేందుకు తాను అధ్యక్షుడిగా ఉన్న భారత్ ఇన్సూరెన్స్ నిధులు రెండు కోట్ల రూపాయలకు పైగా మళ్లించారు. ఆ సొమ్ముతో సెక్యూరిటీలు కొన్నట్లు పుస్తకాల్లో దొంగ పద్దులు రాయించారు. నష్టపోయేది ప్రీమియం కట్టిన సామాన్యులే.

అదే ఏడాది డిసెంబరులో ఫిరోజ్ గాంధీ ఈ వ్యవహారాన్ని లోక్‌సభలో ఎండగట్టారు. ఆయనా పత్రికా నిర్వాహకుడే కావడం విశేషం. మరుసటి నెలలోనే జీవిత బీమా ప్రభుత్వపరమైంది. దాల్మియాకు పడిన రెండేళ్ల జైలు శిక్షను 1962లో సుప్రీంకోర్టు ఖాయపరిచింది. 1978లో ఆయన మరణించేనాటికి పత్రిక అల్లుడు శాంతిప్రసాద్ జైన్ కుటుంబం అధీనంలో ఉంది.